మంచు కడ్డీకి పెట్టిన బొట్టు

నేను ఒక మంచు కడ్డీని. కడ్డీ అనగానే పుల్ల ఐస్ అనుకునేరు, వాటితో నాకు ఏ చుట్టరికమూ లేదు. నిలబెడితే మనిషి నడుందాకా వస్తాను. లేత అరటిబోదె లావుంటాను. రంగూ వాసనా లేనిదాన్ని. అయినా నన్ను చూడటానికి వచ్చేవాళ్ళు దళసరి కోట్లు తొడుక్కుని, మూతికి గుడ్డ కట్టుకుని, చేతులకు తొడుగుల మీద తొడుగులు వేసుకుని వస్తారు. పెళ్ళిచూపులకు వెళ్ళేవాళ్ళు కూడా ఇంత ముస్తాబు కారు.

ఉండండి, ఇదంతా మొన్నటిదాకా సంగతి. ఇప్పుడు నేను వేలెడంత ప్లాస్టిక్ బుడ్డిలో నీళ్ళని. ఇలా ఎందుకయ్యానో చెబుతాను గాని, అయ్యో పాపం అని మొదలుపెట్టకండి. నాకు చాలాకాలంగా ఒక సందేహం ఉండేది. అది తీరింది. సందేహం తీరినవాళ్ళను చూసి ఎవరూ జాలిపడరు కదా.

నా పుట్టిల్లు స్వాల్‌బార్డ్. నార్వే దేశానికి పైన, ఉత్తర ధ్రువానికి కాస్త కింద, సముద్రంలోకి ఎవరో విసిరేసినట్టుండే దీవులవి. అక్కడొక హిమానీనదం ఉంది. పేరుకు నదే గాని, సర్కారు ఆఫీసులో ఫైలు కన్నా నెమ్మదిగా కదులుతుంది. ఆ నది ఎగువన, గాలి తప్ప ఎవరూ తిరగని బయలులో, ఒక చలికాలం నేను మంచుగా రాలాను. ఏ సంవత్సరమో నాకు తెలియదు. సంవత్సరాలు లెక్కపెట్టుకునే అలవాటు మీది. అప్పటికి భూమ్మీద ఎక్కడా రైలు కూయలేదని మాత్రం తరవాత మనుషులు చెప్పుకుంటుంటే విన్నాను.

మంచంటే వట్టి నీళ్ళని మీరు అనుకుంటారు. మంచుపువ్వు ఊరికే పుట్టదు. ఆకాశంలో దానికి పట్టుకోవడానికి ఏదో ఒక నలుసు దొరకాలి. నాకు దొరికిన నలుసుల్లో కొన్ని సముద్రపు ఉప్పువి. సోడియం, క్లోరిన్ అని మీరు రెండు పేర్లు పెట్టి పిలిచేవి అవే. కొన్ని ఎక్కడి ఎడారి నుంచో ఎగిరొచ్చిన మట్టివి. వాటితో ఇనుమూ అల్యూమినియమూ వచ్చాయి. ఆ ఏడు ఐస్‌లాండ్ వైపు ఒక కొండ మండితే, దాని గంధకం గాలిలో కొట్టుకొచ్చి నాకు కాస్త పులుపు తగిలించింది. సీసం కూడా ఉంది. ఉందంటే ఉంది, మట్టిలో మామూలుగా ఉండేంత. ఈ సీసం మాట గుర్తుపెట్టుకోండి. నా కథంతా దీని చుట్టూ తిరుగుతుంది.

వీళ్ళందరూ నా దగ్గర అద్దెకున్నవాళ్ళు. అద్దె ఇవ్వరు, అల్లరీ చెయ్యరు. కానీ ఒక మట్టి నలుసును కరుచుకుని మరొకరు కూడా వచ్చారు. మిగతావాటిలా ఊరుకునే రకం కాదది. నా మీద ఏటికేడాది కొత్త మంచు పడి, ఆ బరువుకు నేను గట్టిపడి గాజులా తయారవుతున్నప్పుడు, ఉప్పుకు నాలో చోటు చాలక పలుకులకూ పలుకులకూ మధ్య సన్నటి సందుల్లోకి నెట్టుకుపోయింది. ఉప్పు ఉన్నచోట నీళ్ళు తొందరగా గడ్డకట్టవు. వెంట్రుకలో వందోవంతు కూడా లేని ఆ నీటి సందుల్లో ఇది దూరి కూచుంది. బాక్టీరియా అని మీరు పిలుస్తారు. కొన్నాళ్ళు ఆ ఉప్పునీళ్ళు చప్పరిస్తున్నట్టు, ఏదో అరాయించుకుంటున్నట్టు నాకు తెలుస్తూ ఉండేది. తరవాత ఆ అలికిడి పోయింది.

చచ్చిపోయిందా? నిద్రపోతోందా? తిండి లేదు, వెలుతురు లేదు, పలకరించే దిక్కు లేదు. అయినా ఎప్పుడో ఒకసారి చిన్న కదలికలాంటిది ఉన్నట్టు అనిపించేది. అనిపించడమే తప్ప రూఢిగా తెలిసేది కాదు. ఇంట్లో తాళం వేసిన గదిలో ఎవరున్నారో తెలియని ఇంటివాడి అవస్థ నాది. అడుగుదామంటే నాకు నోరు లేదు, దానికి చెవి లేదు. శతాబ్దాలుగా నన్ను తొలిచేసిన సందేహం ఇదే.

అలా ఉండగా, సూర్యుడు అస్తమించకుండా ఆకాశంలో గానుగెద్దులా తిరిగే రోజుల్లో, నెత్తిమీద చప్పుళ్ళు మొదలయ్యాయి. పైన నలుగురు మనుషులు గుడారం వేశారు. వాళ్ళెవరో, ఏం చేశారో నాకు కొంత అప్పుడే తెలిసింది, మిగతాది తరవాత వాళ్ళ మాటల్లోనే విన్నాను. కలిపి చెబుతాను.

వాళ్ళలో పెద్దాయన డాక్టర్ ఓగిరాల పురుషోత్తం. మంచులో ఏయే మూలకాలున్నాయో కొలవడంలో పేరుపడ్డ మనిషి. శుభ్రం ఆయనకు జబ్బులాంటిది. ఆయన బృందంలో ఉన్నవాళ్ళు పౌడరు రాసుకోకూడదు, తలకు నూనె పెట్టకూడదు, సెంటు పూసుకోకూడదు. డ్రిల్లు దగ్గర తుమ్మకూడదు. మంచులో మేం వెతికేది ఉందో లేదో అన్నంత కొంచెమని, మన ఒంటిమీది దుమ్ము దానికి పెద్ద కొండ అని రోజూ పొద్దున్నే పాఠం చెప్పేవారు.

రెండో మనిషి బొడ్డేపల్లి అరుంధతి. శ్రీకాకుళం జిల్లా పిల్ల. ఆయన దగ్గర పరిశోధన చేస్తోంది. మంచులో ఉండే బాక్టీరియా ఆమె విషయం. అంటే నా సందేహమూ ఆమె సందేహమూ ఒకటేనన్నమాట. కాకపోతే ఆమెకు దాని మీద డాక్టరేటు వస్తుంది, నాకు రాదు. చలికి పెదాలు పగిలి నెత్తురు వస్తుంటే ఒకనాడు ఆమె మైనం రాసుకుంది. పురుషోత్తం గారు దాన్ని చూసి ఆ పూటంతా ఆమెను గుడారంలోకి రానివ్వలేదు. మూడో ఆయన జేకబ్, డ్రిల్లు నడిపే మలయాళీ ఇంజనీరు. నాలుగో ఆవిడ సిగ్రిడ్. ధ్రువపు ఎలుగులు వస్తే కాచుకోవడానికి తుపాకీ పట్టుకుని నిలబడే నార్వే మనిషి. ఎలుగులు రాకపోవడంతో ఆవిడకు ఫొటోలు తీసుకోవడానికి బోలెడు తీరిక దొరికింది.

డ్రిల్లంటే ఒక బోలు గొట్టం. దాని కింది అంచున పళ్ళుంటాయి. అది గిర్రున తిరుగుతూ దిగి, తనలో పట్టినంత మంచును కడ్డీగా కోసి పైకి తెస్తుంది. అలా ఒకదాని కింద ఒకటి నా పై అంతస్తుల వాళ్ళందరూ వెళ్ళిపోయారు. నా వంతు వస్తోందనగా గొట్టం ఇరుక్కుంది. జేకబ్ లాగాడు. అందరూ కలిసి లాగారు. కప్పీ కట్టి లాగారు. రెండు రోజుల పాటు అది కదలనని మొండికేసింది. మూడోనాడు ఊడిరానైతే వచ్చింది గాని, సొట్టపోయి పనికిరాకుండా వచ్చింది. ఇక మిగిలింది పెట్టెలో ఉన్న ఒక్క కొత్త గొట్టమే. అది కూడా పోతే యాత్ర అంతటితో సరి. అందరి మొహాలూ వాడిపోయాయి.

కొత్త గొట్టం బిగించారు. అరుంధతి అప్పటికి తీసిన కడ్డీలను పెట్టెల్లో సర్దడానికి కాస్త దూరంలో ఉన్న మంచు గోతిలోకి వెళ్ళింది. పురుషోత్తం గారు అటూ ఇటూ చూశారు. కోటు లోపలి జేబులోంచి ఒక చిన్న కాగితం పొట్లం తీశారు. ఆయన భార్య శారదాంబ గారు ప్రతి యాత్రకూ ఆయన జేబులో పెట్టి పంపే పొట్లం అది. శుభ్రమంటే ప్రాణమిచ్చే ఆ పెద్దమనిషి దాన్ని ఏనాడూ తీసి పారెయ్యలేదు, బయటపెట్టనూ లేదు. ఆ రోజు మాత్రం తొడుగు వేసుకున్న ఉంగరపు వేలితో కాస్త కుంకుమ తీసి, గొట్టం పళ్ళ పక్కన చిన్న బొట్టు పెట్టారు. కళ్ళు మూసుకున్నారు. జేకబ్ అది చూసి, తన వంతుగా గుండెల మీద శిలువ గుర్తు వేసుకున్నాడు.

"ఆ ఎర్ర గుర్తు దేనికి? కొలత కోసమా?" అని సిగ్రిడ్ ఇంగ్లీషులో అడిగింది.

"కొత్త యంత్రం మొదలుపెట్టేటప్పుడు మా పద్ధతి" అన్నారాయన.

తెల్లటి మంచులో ఆ ఎరుపు ఆవిడకు ముచ్చటగా తోచి, ఆయనతో సహా ఫొటో తీసుకుంది. అరుంధతి తిరిగి వచ్చేసరికి గొట్టం మంచులోకి దిగిపోయింది.

నాకు ఎదురైన మొదటి మనిషి జాడ ఆ బొట్టే. పళ్ళు నన్ను కోస్తూ దిగుతుంటే బొట్టు కాస్తా చెదిరి నా ఒంటికి రాసుకుంది. సరిగ్గా అప్పుడే, నెత్తిమీద బరువంతా ఒక్కసారిగా పోవడంతో, నేను పై నుంచి నడిమిదాకా పగులిచ్చాను. కంటికి ఆనని ఎర్ర పొడి ఆ పగుల్లోకి జారుకుంది. నేను చేతనైనంత గట్టిగా అరిచాను. టప్పుమని చిన్న చప్పుడు వచ్చింది, అంతే. "ఈ లోతులో మామూలే" అన్నాడు జేకబ్. డ్రిల్లు మాత్రం మళ్ళీ ఎక్కడా ఇరుక్కోలేదు. దాంతో బొట్టు పనిచేసిందని పురుషోత్తం గారికి లోలోపల ఎంత ధైర్యం వచ్చిందంటే, బొట్టు పెట్టిన సంగతే మరిచిపోయారు.

తరవాత నా ప్రయాణం. ప్లాస్టిక్ సంచీలో చుట్టి, థర్మాకోల్ పెట్టెలో పడుకోబెట్టి, మంచుబండి మీద, ఓడ మీద, విమానంలో తీసుకొచ్చారు. విమానాశ్రయంలో ఒక అధికారి పెట్టె తట్టి, లోపల ఏముందని అడిగాడు. మంచు అంది అరుంధతి. ఇంకేముందన్నాడు. ఇంకేమీ లేదు, మంచేనంది. "మన దేశంలో ఐస్ దొరకదా అమ్మా?" అని ఎంతో దయగా అడిగాడు. ఆమె ఏం జవాబు చెప్పిందో గాని, నన్ను మాత్రం బయటికి వదిలారు.

చివరికి పడమటి సముద్రతీరంలో ఒక పరిశోధనశాలకు చేరాను. బయట చెమటలు కారే ఉక్క. లోపల ఒక చలిగది, అందులో మా ఊరి చలికాలం. అరల నిండా నాలాంటి కడ్డీలు. కంప్రెసరు ఆగిందంటే మా అందరి చరిత్రా డ్రైనేజీ పాలు. కరెంటు పోయినప్పుడల్లా జనరేటరు అందుకునేదాకా మేమంతా ఊపిరి బిగబట్టేవాళ్ళం.

ఒకరోజు నన్ను రంపంతో నిలువునా రెండుగా కోశారు. ఒక సగం ఇప్పటి పరిశోధనకు. రెండో సగం ఎవరూ ముట్టుకోకుండా దాచిపెట్టేది. రేపెప్పుడో పుట్టబోయే తెలివైనవాళ్ళ కోసమట. ఈ కథ చెబుతున్నది ఆ దాచిన సగమే. మొదటి సగాన్ని అరుంధతి నా ఎదుటే పైపొరంతా చెక్కేసి శుభ్రం చేసింది. ఎంత ఓపికగా చెక్కిందో చూస్తే ముచ్చటేసింది. కానీ పగులు లోపలికి కత్తి వెళ్ళదు కదా. లోపల ఎరుపేమీ కనిపించలేదు కాబట్టి ఆమెకు అనుమానమూ రాలేదు.

ఆ సగం కరిగి యంత్రాల్లోకి వెళ్ళింది. కొన్నాళ్ళకు చలిగది తలుపు దడాలున తెరుచుకుంది. పురుషోత్తం గారు అరుంధతిని వెంటబెట్టుకుని, మొహం వెలిగిపోతూ వచ్చి నా పెట్టె మీద చెయ్యి వేశారు.

"ఇదేనమ్మాయ్ మన బంగారుకొండ!"

సంగతేమిటంటే, నాలో సీసం మిగతా కడ్డీల కన్నా వందలరెట్లు కనిపించింది. ఫ్యాక్టరీలూ మోటార్లూ లేని కాలపు మంచులో అంత సీసం ఎక్కడి నుంచి వచ్చింది? ఏ దేశంలో ఏ గనులు అంత జోరుగా నడిచాయి? చరిత్ర పుస్తకాలు తిరగరాయాలి అన్నారాయన. అంతేకాదు, కరిగిన నీటిని ఒక పళ్ళెంలో వేస్తే రాత్రికి రాత్రి పాలచుక్కల్లా బాక్టీరియా మొలిచింది. అంత సీసంలోనూ శతాబ్దాల పాటు బతికిన బాక్టీరియా! విదేశంలో జరగబోయే పెద్ద సభలో అరుంధతి చేత చెప్పించాలని పేరు పంపేశారు. ఆ ఒక్క ఉపన్యాసంతో ఆమెకు డాక్టరేటూ ఉద్యోగమూ వచ్చి ఒళ్ళో పడతాయన్నారు.

నా మట్టుకు నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆ సీసం నాది కాదు. ఆ పాలచుక్కలు కూడా నా ఇంట్లో ఉన్నవాళ్ళు కావని నాకు గట్టి నమ్మకం. నా దగ్గర ఉన్నది ఇంత తొందరపాటు మనిషి కాదు.

అరుంధతి మొహంలో కూడా అంత వెలుగు లేదు. "సార్, ఒక్కటే నాకు పట్టుబడట్లేదు" అంది. "అన్ని వందల ఏళ్ళు చలిలో పడుకున్నది, వెచ్చటి చోట పెట్టగానే ఒక్క పూటలో ఇలా పరుగెత్తుతుందా? మన చేతి చర్మం మీద ఉండే రకంలా ఉంది సార్."

"నీ చేతులు నీకు నమ్మకం లేదా?" అన్నారాయన.

ఆయన వెళ్ళాక అరుంధతి చాలాసేపు నా దగ్గరే నిలబడింది. నాలుగేళ్ళ కష్టం ఆమెది. గురువుగారి మాట నిజమైతే అదృష్టం. అబద్ధమై, సభలో అందరి ముందూ తేలితే, చేతులు శుభ్రంగా లేని అమ్మాయి అని పేరు పడుతుంది. ఈ విద్యలో ఆ పేరు పడ్డాక ఎవరూ తమ మంచును ముట్టుకోనివ్వరు.

సభ దగ్గరపడుతుండగా ఒకనాడు ఇద్దరూ కలిసి చలిగదిలోకి వచ్చారు. బయట వరండాలో జనం ఉన్నారని, ఇక్కడైతే ఎవరూ వినరని అరుంధతే ఆయన్ను తీసుకొచ్చింది. ఒకరు వింటున్నారని ఆమెకు తెలియదు పాపం. కోటు లోపల ఒంటికి ఆనించి వెచ్చగా దాచిన ఫోను తీసింది. మా చలికి ఫోన్లు తొందరగా కళ్ళు మూస్తాయి.

"సార్, ఈ ఫొటో చూశారా?"

"చూడకపోవడమేం? వరండాలో పెద్దది చేసి పెట్టించింది నేనే. సిగ్రిడ్ పంపింది. నేను కాస్త లావుగా పడ్డాను గాని బాగుంది."

"మిమ్మల్ని కాదు సార్. మీ వేలు చూడండి."

ఆయన చూశారు. కంప్రెసరు గుర్రుమంటోంది. ఫోను ఆరిపోయింది. అయినా ఆయన ఆ నల్లటి అద్దంకేసే చూస్తూ ఉండిపోయారు.

"అది బొట్టమ్మాయ్" అన్నారు చివరికి.

"ఏ గొట్టానికి సార్?"

"కొత్తదానికి."

"దాంతో మొదట తీసింది ఏ కడ్డీ?"

ఆయన చెయ్యి నా పెట్టె మీదికి వచ్చింది.

"గోటికి అంటినంత కూడా లేదు. ఏదో మనసు నిబ్బరం కోసం..." అన్నారు.

"మనం కొలిచేది లక్ష కోట్ల పాళ్ళలో ఒక పాలు సార్. గోటికి అంటింది చాలదేటి?" కోపం వస్తే ఆమె మాటలో ఊరి యాస తన్నుకొచ్చేది. "పెదాలకు మైనం రాసుకున్నానని నన్ను బయట నిలబెట్టీసినారు సార్ మీరు. నెత్తురొస్తున్నా రాసుకోకుండా ఉన్నాను ఆ తరవాత. మీరేటి సార్ ఇలా చేసినారు?"

ఆ గదిలో అంత చలి నాకు కూడా ఎప్పుడూ అనిపించలేదు. పురుషోత్తం గారు తల దించుకున్నారు. "కుంకుమంటే పసుపూ సున్నమూ కదా. అందులో సీసం ఎందుకుంటుంది?" అన్నారు. వాదనగా కాదు, చిన్నపిల్లవాడు అడిగినట్టు.

"ఉండకూడదు సార్. ఉందో లేదో చూద్దాం. ఆ పొట్లం ఉందా?"

పొట్లం ఆయన జేబులోనే ఉంది. ఎప్పుడూ ఉండేదే కదా. తీసి ఆమె చేతిలో పెట్టారు.

రెండు రోజులకు మళ్ళీ వచ్చారు. ఈసారి ఆయన మొహం చూస్తే ఫలితం నాకు చెప్పక్కర్లేకపోయింది. రంగు నిగనిగలాడాలని ఎవరో అందులో సీసపు రంగు కలిపారు. నాలో దొరికిన సీసమూ పొట్లంలోని సీసమూ ఒక్క అచ్చే. ఆ పాలచుక్కలు కూడా పొట్లం కట్టిన చేతుల నుంచి ఆ పొడితో వచ్చినవే. చలిగది తలుపు సగం తెరిచి పట్టుకుని, బయటి సిగ్నలు దొరికేలా నిలబడి, ఆయన ఇంటికి ఫోను చేశారు.

"శారదా, ఆ కుంకుమ తీసెయ్యి. అయిపోతే పంపమని కాదు, తీసి పారెయ్యమంటున్నాను. దేవుడి దగ్గరది కూడా. నేను చెబుతా అవన్నీ. ముందు నువ్వు వెళ్ళి నుదురు కడుక్కో. నీళ్ళతో కాదు, సబ్బుతో."

సీసం కోసం ఈయన భూమి చివరిదాకా వెళ్ళాడు. మంచును తవ్వాడు, లోతుకు దిగాడు. అది ఇంట్లో, ఆయన కళ్ళెదుట, భార్య నుదుట కూచుంది. మనుషుల తీరు చూసి అప్పుడప్పుడూ నవ్వుకునేదాన్ని గాని, ఆ రోజు నాకు నవ్వు రాలేదు. ఆయన మీద జాలేసింది.

అరుంధతే ముందు తేరుకుంది. "సార్, కడ్డీ కలుషితమైందని ఒక్క ముక్క రాసి, ఉపన్యాసం మానేద్దాం. బొట్టు సంగతి ఎవరికీ చెప్పక్కర్లేదు" అంది. ఆమె కోపమంతా ఎటుపోయిందో మరి.

"అలా రాస్తే అది నీ మీదికి వస్తుంది" అన్నారాయన. "కోసింది నువ్వు, కరిగించింది నువ్వు. అందరూ నీ చేతులకేసే చూస్తారు. బొట్టు పెట్టింది నేను. సభకు నేనే వెళ్ళి నా నోటితోనే చెబుతాను."

"నవ్వుతారు సార్."

"నవ్వనీ. ఇన్నేళ్ళూ అందరి పౌడర్లూ సెంట్లూ పట్టుకుని నేను నవ్వలేదూ?" ఒక్క క్షణం ఆగి, నా పెట్టెను దగ్గరికి జరిపారు. "నీ బాక్టీరియా సంగతి మిగిలింది. పగులు ఒక పక్కనే ఉంది. రెండో సగంలో పగులు చేరని లోపలి భాగం ఉంటుంది. దాన్ని కరిగించి చూడు."

"అది దాచింది కదా సార్. ముట్టుకోకూడదని మీరే కదా..."

"నేనే. రేపటివాళ్ళ కోసమన్నాను. నువ్వు రేపటిదానివి కాదా?"

అరుంధతి నాకేసి చూసింది. నాకు భయమేసింది, దాచుకోను. కరిగితే మళ్ళీ కడ్డీని కాలేను. ఎండా వానా చూడకుండా ఇన్ని వందల ఏళ్ళు నిలబడ్డ ఒళ్ళు ఇది. కానీ భయం వెనకే సంతోషం కూడా వచ్చింది. తాళం వేసిన గది తలుపు తీస్తున్నారు. లోపల ఎవరున్నారో నేనూ చూస్తాను.

ఈసారి అరుంధతి తన ఊపిరిని కూడా నమ్మలేదు. పగులున్న పక్కనంతా కోసి పారేసింది. మిగిలినదాన్ని చుట్టూ చెక్కీ చెక్కీ, నన్ను ములక్కాడంత చేసింది. మూతపెట్టిన పాత్రలో మెల్లమెల్లగా కరిగించింది. కరగడమంటే నొప్పి ఉంటుందనుకున్నాను. అదేమీ లేదు. ఎంతోకాలంగా ముడుచుకున్న కాళ్ళు చాపుకున్నట్టుంది. నాలో ఇరుక్కున్న పాత గాలి బుడగలు చిటపటమంటూ బయటికి పారిపోయాయి.

నాలో కొంత ఒక యంత్రంలోకి వెళ్ళింది. అక్కడ నన్ను తుంపరగా చేసి, సూర్యుడి పైపొర కన్నా వేడిగా ఉండే మంటలోకి ఊదారు. పుట్టింది ఎక్కడ, పోయింది ఎక్కడ చూడండి. సీసం ఉందంటే ఉంది, మామూలుగా మట్టిలో ఉండేంత. నేను మొదట్లో మీకు చెప్పినంతే. బంగారుకొండ కాస్తా మామూలు కడ్డీగా తేలింది. ఇంకొన్ని చుక్కలను గాజు పళ్ళేల్లో, బాక్టీరియాకని పోసిన తెల్లటి తిండి మీద పరిచి, ఈసారి వెచ్చగా కాకుండా నాలుగు డిగ్రీల చలిలో పెట్టింది. పక్కనే నన్ను కలపని ఉత్త నీళ్ళతో మరో పళ్ళెం పెట్టింది. మనిషి చేతిలోంచి ఏదైనా పడి ఉంటే అక్కడా మొలుస్తుందని.

పురుషోత్తం గారు సభకు వెళ్ళొచ్చారు. చెప్పవలసిందంతా చెప్పారట. హాలంతా నవ్విందట. నవ్వులు ఆగాక ఒక జపాన్ ఆయన లేచి, మేము కొత్త డ్రిల్లు మీద సారా చల్లుతాం, ఇకమీదట చల్లేముందు ఆలోచిస్తాం అన్నాడట. ఆ తరవాత ఇంకో ఇద్దరు ముగ్గురు లేచి తమ తమ బొట్లు బయటపెట్టుకున్నారట. ఇవన్నీ అరుంధతికి చెప్పి, రోజూ అడిగే ప్రశ్నే అడిగారు.

"వచ్చిందా?"

"లేదు సార్."

వారాలు గడిచాయి. పాలచుక్కలు ఈసారి రాలేదు. ఏమీ రాలేదు. ఏమీ రాకపోతే ఆమె నాలుగేళ్ళూ ఏమీ లేకుండానే ముగుస్తాయి. దాచిన సగాన్ని కూడా పోగొట్టుకున్నట్టవుతుంది. ఆమె చలిపెట్టె తలుపు తీసి, పళ్ళేలు చూసి, మూసి వెళ్ళిపోయేది. ఆ మూసే చప్పుడు రోజురోజుకూ నెమ్మదవుతూ వచ్చింది. నాకూ ఆశ సన్నగిల్లింది. అది నాలో ఉండటం నిజమే గాని, చచ్చి ఎన్నాళ్ళయిందో. ఆ కదలిక నా భ్రమేనేమో. ఒంటరిగా ఉన్నవాళ్ళకు అలికిళ్ళు వినపడుతూనే ఉంటాయి.

నాలో ఒక చుక్క ఆ పళ్ళెంలోనే ఉంది కాబట్టి, తరవాత జరిగింది నేను దగ్గరుండి చూశాను. ఒకరోజు నా కిందుగా ఏదో కదిలింది. అదే కదలిక. ఉప్పునీళ్ళు చప్పరించే ఆ పాత అలికిడి. తొందర లేదు. ఒకటి రెండయింది. రెండు నాలుగవడానికి చాలా సమయం తీసుకుంది. దానికి తిండి దొరికి ఎన్నాళ్ళయిందో మరి, దొరికినా ఆబగా తినలేదు. బతికే ఉంది. ఇంత కాలమూ నాలో, ఆ సందులో, బతికే ఉంది. నాకు కళ్ళుంటే ఏడ్చేదాన్ని.

అరుంధతి తలుపు తీసి, అలవాటుగా చూసి, మూయబోయి ఆగిపోయింది. పళ్ళేన్ని దీపం కిందికి తెచ్చింది. తెల్లటి పళ్ళెం నడుమ ఎర్రగా, గుండ్రంగా ఒక చుక్క. గోటి కొనకన్నా చిన్నది. ఆమె పక్కనున్న ఉత్త నీళ్ళ పళ్ళెం చూసింది. అందులో ఏమీ లేదు. మళ్ళీ ఎర్ర చుక్కను చూసింది. తలుపు దగ్గరికి వెళ్ళి చెయ్యూపి పిలిచింది.

పురుషోత్తం గారు దాదాపు పరుగెత్తుకుంటూ వచ్చారు. పళ్ళేన్ని ముట్టుకోలేదు. చేతులు రెండూ వెనక్కి కట్టుకుని, వంగి, చాలాసేపు చూశారు. ఖాళీ పళ్ళేన్ని చూశారు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశారు.

"అమ్మాయ్" అన్నారు, "ఈ బొట్టు నేను పెట్టింది కాదు."